గుండె దడ, గూగుల్, స్మార్ట్‌వాచ్: అనుమానం పెనుభూతం ఎలా అవుతుంది?

ఈరోజు ఎపిసోడ్ గుండె దడ గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, గుండెకి ఏమీ లేదని డాక్టర్ చెప్పాక కూడా మనల్ని వదలని గుండె భయం గురించి.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, ఇప్పుడు ఇలా వీడియోలు చేస్తున్నవాడిని. ఇది వైద్యం కాదు, విషయం అర్థం చేసుకోవడానికి మాత్రమే. అందుకే అసలు టాపిక్‌లోకి వెళ్ళే ముందు డేంజర్ సైన్స్ చెప్పేస్తాను. మిగతా వీడియో చూసినా చూడకపోయినా ఇది మాత్రం వినండి.

ఎప్పుడు ఆలోచించకుండా వెళ్ళాలి

ఛాతీ మధ్యలో బండరాయి పెట్టినట్టు, పిండేసినట్టు నొప్పి ఉండి, అది చేతికో, దవడకో, వీపుకో పాకుతుంటే, చల్లటి చెమటలు పడుతుంటే 108కి ఫోన్ చేయండి. దడతో పాటు స్పృహ తప్పినా, కదలకుండా కూర్చున్నా ఊపిరి అందకపోయినా అంతే. "గ్యాస్ అయి ఉంటుందిలే" అని సోడా తాగి పడుకోవద్దు. ఇలాంటివి మొదటిసారి వచ్చినప్పుడు ఇది పానిక్కా, హార్ట్ ఎటాకా అని ఇంట్లో కూర్చుని తేల్చుకునే పని పెట్టుకోవద్దు. అది తేల్చడానికే హాస్పిటల్ ఉంది.

ఇంకో లిస్ట్ ఉంది. అంత అర్జెంట్ కాకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవాల్సినవి. పరుగెత్తుతున్నప్పుడో, ఆడుతున్నప్పుడో దడ రావడం, కళ్ళు తిరగడం. స్విచ్ వేసినట్టు గుండె ఒక్కసారిగా స్పీడ్ అందుకుని, చాలాసేపు అలాగే ఉండి, మళ్ళీ స్విచ్ తీసినట్టు ఆగిపోవడం. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం. మీకు ముందే గుండె జబ్బు ఉండటం. వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కి చెప్పి తీరాలి.

సరే. ఇవేవీ లేవు, డాక్టర్ చూశారు, "ఏం లేదు బాబూ" అన్నారు. అయినా రాత్రి నిద్ర పట్టట్లేదు. ఇప్పుడు అసలు టాపిక్.

రాత్రి ఒంటిగంట

ఒకసారి ఊహించుకోండి. అమీర్‌పేటలో ఏదో హాస్టల్ రూమ్. రాత్రి ఒంటిగంట. రూమ్మేట్స్ పడుకున్నారు. మీరు ఎడమ పక్కకి తిరిగి రీల్స్ చూస్తున్నారు. సడన్‌గా ఛాతీలో ఒక "ధబ్". గుండె ఒక బీట్ మిస్ అయినట్టు, తర్వాత గట్టిగా తన్నినట్టు.

అసలు అక్కడ జరిగింది ఏంటి? మన గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే, రోజుకి 1,00,800 సార్లు. లక్ష దాటింది. ఈ లక్షలో అప్పుడప్పుడు ఒక బీట్ కాస్త ముందుగా వచ్చేస్తుంది. దాన్ని డాక్టర్లు ఎక్టోపిక్ బీట్ అంటారు. ముందుగా వచ్చిన ఆ బీట్ బలహీనంగా ఉంటుంది, చాలాసార్లు మనకి తెలియదు కూడా. దాని తర్వాత గుండె చిన్న గ్యాప్ తీసుకుంటుంది. ఆ గ్యాప్‌లో మామూలుకంటే ఎక్కువ రక్తం నిండుతుంది. అందుకని తర్వాతి బీట్ గట్టిగా వస్తుంది. మనం "ధబ్" అనుకున్నది ఈ చివరిదాన్నే. అంటే గుండె ఆగలేదు, బీట్ మిస్ అవ్వలేదు. ఒక బీట్ తొందరపడింది, అంతే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 24 గంటలు మెషిన్ పెట్టి చూసినా, చాలామందిలో ఇలాంటివి కొన్నైనా కనిపిస్తాయి. నిద్ర తక్కువైనా, కాఫీ, సిగరెట్, మందు ఎక్కువైనా ఇవి పెరగొచ్చు. ఎడమ పక్కకి పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుంది కాబట్టి ఇంకా బాగా తెలుస్తాయి. పైగా రూమ్ నిశ్శబ్దంగా ఉంది. పగలు ట్రాఫిక్‌లో ఇదే "ధబ్" వచ్చి ఉంటే మీకు తెలిసేదే కాదు.

ఇక్కడిదాకా ప్రాబ్లమ్ ఏమీ లేదు. ప్రాబ్లమ్ దీని తర్వాతి సెకన్‌లో మొదలవుతుంది. "ఇదేంటి? హార్ట్ ఎటాకా?" అనే ఆలోచన వచ్చిన సెకన్‌లో.

లూప్ ఎలా తిరుగుతుంది

ఆ ఆలోచన రాగానే మెదడు దాన్ని ప్రమాదం కింద రాసుకుంటుంది. కుక్క వెంటపడితే ఒంట్లో ఏం జరుగుతుందో ఇప్పుడు అదే జరుగుతుంది. అడ్రినలిన్ రిలీజ్ అవుతుంది. అడ్రినలిన్ చేసే మొదటి పనుల్లో ఒకటి గుండెని స్పీడ్ చేయడం. పరుగెత్తడానికి కాళ్ళకి రక్తం కావాలి కదా. కానీ మీరు పరుగెత్తట్లేదు. మంచం మీద పడుకుని గుండెనే వింటున్నారు. అది స్పీడ్ అయింది. "చూశావా, నిజమే, ఏదో అవుతోంది" అని భయం డబుల్ అవుతుంది. భయం పెరిగితే అడ్రినలిన్ ఇంకాస్త. గుండె ఇంకాస్త.

ఈలోపు మీకు తెలియకుండానే ఊపిరి గబగబా తీసుకుంటున్నారు. అలా తీసుకుంటే రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గుతుంది. దానివల్ల వేళ్ళు తిమ్మిరి ఎక్కుతాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుంది, తల తేలిపోతుంది. ఎడమ చెయ్యి తిమ్మిరి ఎక్కిందంటే మనవాడు ఇంకేమనుకుంటాడు? కథ క్లైమాక్స్‌కి వెళ్ళిపోతుంది. దీన్నే పానిక్ ఎటాక్ అంటారు. సాధారణంగా నిమిషాల్లోనే పీక్‌కి వెళ్ళి, తర్వాత మెల్లగా దిగుతుంది. కానీ ఆ నిమిషాలు అనుభవించినవాడికి చావు చూసొచ్చినట్టే ఉంటుంది. అది నటన కాదు, పిరికితనం కాదు. ఒంట్లో నిజంగా జరుగుతున్న కెమిస్ట్రీ.

భయానికీ గుండెకీ ఉన్న ఈ కనెక్షన్ మన అమ్మమ్మలకి ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. గుండె గుభేలుమంది, గుండె ఝల్లుమంది, గుండె జారిపోయింది, గుండె గొంతులోకి వచ్చింది. ఎన్ని మాటలు ఉన్నాయో చూడండి. వీటిలో ఏదీ గుండె జబ్బు పేరు కాదు. అన్నీ భయం పేర్లే.

వాచ్ చూసుకుంటే ధైర్యం రావాలి కదా?

ఇప్పుడు మన జనరేషన్ స్పెషల్. చేతికి వాచ్ ఉంది. చూశారు. 96. రెండు నిమిషాల తర్వాత 104. ఇంకో నిమిషానికి 112. చూసినప్పుడల్లా పెరుగుతోంది.

నేను జాబ్ చేసే రోజుల్లో సర్వర్లకి మానిటరింగ్ పెట్టేవాళ్ళం. సీపీయూ ఇంత దాటితే అలర్ట్ రావాలి అని. అక్కడ ప్రతి టీమ్‌కీ తెలిసిన రెండు రూల్స్ ఉంటాయి. ఒకటి, అలర్ట్ లిమిట్ మరీ తక్కువ పెడితే రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఏది నిజమో తెలియదు. రెండోది ఇంకా ముఖ్యం. మానిటర్ చేసే స్క్రిప్ట్ కూడా అదే సర్వర్ మీద నడుస్తుంది. దాన్ని నిమిషానికి ఒకసారి కాకుండా సెకన్‌కి పదిసార్లు నడిపితే, చెకింగ్ వల్లే లోడ్ పెరుగుతుంది. ఆ లోడ్ చూసి అలర్ట్ వస్తుంది.

గుండె విషయంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇది నా పోలిక మాత్రమే కాదు, ప్రయోగం చేసి చూశారు. 1988లో ఆంకే ఎహ్లర్స్ అనే సైకాలజిస్ట్, ఆమె తోటి పరిశోధకులు ఒక స్టడీ పబ్లిష్ చేశారు. పానిక్ సమస్య ఉన్నవాళ్ళకీ, లేనివాళ్ళకీ వాళ్ళ గుండె చప్పుడు అని చెప్పి ఒక సౌండ్ వినిపించారు. మధ్యలో ఆ సౌండ్‌ని కావాలనే స్పీడ్ చేశారు. అసలు గుండె మామూలుగానే ఉంది, సౌండ్ మాత్రమే అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మిన పానిక్ పేషెంట్లకి భయం పెరిగింది, దాంతో పాటు వాళ్ళ అసలు గుండె వేగం, బీపీ కూడా పెరిగాయి. సమస్య లేనివాళ్ళలో ఆ రియాక్షన్ రాలేదు. అంటే "నీ గుండె స్పీడ్‌గా ఉంది" అనే సమాచారమే గుండెని స్పీడ్ చేయగలదు.

ఇంకో రెండు విషయాలు. రెస్ట్‌లో ఉన్నప్పుడు పెద్దవాళ్ళ గుండె వేగం 60 నుంచి 100 మధ్య ఉంటే నార్మల్ అంటారు. "నాది ఎప్పుడూ 72, ఈరోజు 88" అంటే అది అలర్ట్ కాదు. గుండె గోడ గడియారం లాంటిది కాదు. ఊపిరి లోపలికి తీసుకుంటే కాస్త పెరుగుతుంది, బయటికి వదిలితే కాస్త తగ్గుతుంది. లేచి నిలబడితే పెరుగుతుంది. బిర్యానీ తిన్నాక పెరుగుతుంది. జ్వరంలో, నీళ్ళు తక్కువ తాగినప్పుడు పెరుగుతుంది. అలా మారడమే దాని డ్యూటీ. పైగా వాచ్ చేసే పని మణికట్టు మీద గ్రీన్ లైట్ వేసి రక్తం ఎలా కదులుతోందో చూడటం. స్ట్రాప్ లూజ్ అయినా, చెయ్యి ఊపినా లెక్క తప్పొచ్చు.

అలాగని వాచ్ పనికిరాదని నేను అనట్లేదు. ఆపిల్ హార్ట్ స్టడీ అని ఒకటి జరిగింది, రిజల్ట్స్ 2019లో వచ్చాయి. అందులో 4,19,297 మంది పాల్గొన్నారు. పల్స్ క్రమం తప్పుతోందని నోటిఫికేషన్ వచ్చింది 0.52 శాతం మందికి మాత్రమే. 40 ఏళ్ళలోపు వాళ్ళలో అయితే 0.16 శాతం. వాచ్ తనంతట తాను అలాంటి నోటిఫికేషన్ ఇస్తే డాక్టర్‌కి చూపించండి. కానీ అది పిలవకుండా మీరు రోజుకి 50 సార్లు వెళ్ళి దాన్ని అడగడం వేరే విషయం. ఇంకోటి, తమ ఈసీజీ యాప్ హార్ట్ ఎటాక్‌ని గుర్తించలేదని ఆపిల్ కంపెనీయే చెప్తుంది. కాబట్టి పైన చెప్పిన డేంజర్ సైన్స్ ఉన్నప్పుడు వాచ్ చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా తప్పే.

వార్తలు వేసే ఆజ్యం

ఈ భయం గాల్లోంచి రాలేదు. 2021 అక్టోబర్ 29న పునీత్ రాజ్‌కుమార్ చనిపోయారు. 46 ఏళ్ళు, ఫిట్‌నెస్‌కి పేరున్న మనిషి. ఆ తర్వాత బెంగళూరులో గుండె పరీక్షల కోసం జనం క్యూ కట్టారని వార్తలు వచ్చాయి. 2023 జనవరి 27న కుప్పంలో తారకరత్న కుప్పకూలారు, ఫిబ్రవరి 18న చనిపోయారు. 39 ఏళ్ళు. ప్రతిసారీ మన ఫోన్లు ఆ వార్తతో నిండిపోయాయి. తర్వాత జిమ్‌లో పడిపోయిన వీడియో, పెళ్ళిలో డాన్స్ చేస్తూ పడిపోయిన వీడియో. ఒక్కటి పూర్తిగా చూస్తే అల్గారిథమ్ ఇంకో పది తెచ్చి ముందు పెడుతుంది.

చిన్న వయసులో గుండె జబ్బు రాదు అని నేను చెప్పను, అది అబద్ధం అవుతుంది. మన దేశంలో గుండె జబ్బు తొందరగా వస్తోందని డాక్టర్లు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకోవాలి, సిగరెట్ మానాలి. కానీ గమనించండి, భయపడుతూ కూర్చోవడం ఈ లిస్ట్‌లో లేదు. రోజుకి 50 సార్లు పల్స్ చూసుకునేవాళ్ళలో ఎంతమంది ఏడాదికి ఒకసారి బీపీ చూపించుకుంటున్నారు?

టెస్ట్ మీద టెస్ట్

టెస్టుల గురించి క్లియర్‌గా మాట్లాడుకుందాం. మామూలు ఈసీజీ గుండె కరెంటుని సుమారు పది సెకన్లు రికార్డ్ చేస్తుంది. ఆ పది సెకన్లలో దడ లేకపోతే అందులో పడకపోవచ్చు. అందుకే డాక్టర్‌కి అవసరం అనిపిస్తే హోల్టర్ పెడతారు. 24 గంటలో, 48 గంటలో ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న మెషిన్. టూడీ ఎకో అంటే గుండె నిర్మాణం, కండరం, వాల్వులు ఎలా ఉన్నాయో చూసే స్కాన్. రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూస్తారు, ఎందుకంటే రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ వస్తుంది. ముఖ్యంగా అమ్మాయిలు, మీ దడని ఎవరైనా "టెన్షన్ అంతే" అని కొట్టిపారేస్తే, ముందు ఈ రెండు టెస్టులు అయ్యాయా అని అడగండి.

డాక్టర్ అడిగిన టెస్టులు ఒకసారి సరిగ్గా చేయించుకోండి. కానీ హెల్త్ యాంగ్జైటీ ఉన్నవాళ్ళకి రిపోర్ట్ ఎంతసేపు పనిచేస్తుందో తెలుసా? రిపోర్ట్ చేతికొచ్చిన సాయంత్రం హాయిగా ఉంటుంది. రెండో రోజు "మెషిన్ పాతదేమో" అనిపిస్తుంది. మూడో రోజు "అప్పుడు బాగుంది, ఇప్పుడు బాగుందని గ్యారంటీ ఏంటి?" అనిపిస్తుంది. ఇంకో డాక్టర్, ఇంకో ఈసీజీ. గూగుల్‌లో వెతకడం, అమ్మని పది సార్లు అడగడం, మెడ మీద వేళ్ళు పెట్టి లెక్కపెట్టుకోవడం, ఇవన్నీ ఒకే కుటుంబం. ప్రతి చెకింగ్ కాసేపు ఊరట ఇస్తుంది. ఆ ఊరట రుచి మరిగిన మెదడు, తర్వాతి అనుమానానికి మళ్ళీ చెకింగే అడుగుతుంది. వందశాతం గ్యారంటీ కావాలంటుంది. ఆ గ్యారంటీ ఏ కార్డియాలజిస్టూ ఎవరికీ రాసివ్వలేరు.

అసలు నష్టం ఎక్కడ

ఇది ఉత్త ఆలోచనే కదా, పోతే పోనీ అనుకోవచ్చు. కానీ మెల్లగా ఏం జరుగుతుందో చూడండి. ముందు జిమ్ మానేస్తారు. తర్వాత మెట్లు ఎక్కడం మానేసి లిఫ్ట్ కోసం నిలబడతారు. క్రికెట్‌కి పిలిస్తే సాకు చెప్తారు. రాత్రి బస్సులో ఊరికి వెళ్ళాలంటే దారిలో హాస్పిటల్స్ ఎక్కడున్నాయో చూసుకుంటారు. ఒంటరిగా పడుకోలేరు. గుండెకి ఏ లోపమూ లేదు, కానీ బతుకు మాత్రం మంచం చుట్టూ ముడుచుకుపోయింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆరు నెలలు కదలకుండా ఉంటే ఒంటికి అలవాటు పోతుంది. అప్పుడు రెండు అంతస్తులు ఎక్కినా గుండె 140కి వెళ్తుంది. "చూశావా, నా గుండె వీక్" అనడానికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. కాపాడుకోవడానికి చేసిన పనే అనుమానానికి మేత అవుతుంది.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1871లో జేకబ్ డ కోస్టా అనే అమెరికన్ డాక్టర్, అక్కడి అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల గురించి రాశారు. దడ, ఛాతీలో నొప్పి, ఆయాసం, కానీ పరీక్షిస్తే గుండెలో లోపం కనిపించనివాళ్ళు. దానికి సైనికుడి గుండె అని పేరు కూడా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో మళ్ళీ అలాంటి సైనికులే వేలల్లో వచ్చారు. అప్పుడు థామస్ లూయిస్ అనే కార్డియాలజిస్ట్ వాళ్ళని మంచం మీద పడుకోబెట్టడం కంటే, మెల్లమెల్లగా పెంచుకుంటూ వ్యాయామం చేయించడం మేలని చూపించారు. ఇప్పటి థెరపీలో కూడా ఈ ఆలోచన ఉంది.

మరి ఏం చేయాలి

ఒకటి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు నోట్ రాసుకుని వెళ్ళండి. దడ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏం చేస్తున్నారు, కాఫీ, ఎనర్జీ డ్రింక్, సిగరెట్, ఆస్తమా ఇన్‌హేలర్, జలుబు మాత్రలు, ఏవి వాడుతున్నారు. గుండె ఎలా కొట్టుకుందో టేబుల్ మీద వేలితో కొట్టి చూపించండి, డాక్టర్‌కి అది చాలా ఉపయోగపడుతుంది. చివర్లో ఒక్క ప్రశ్న అడగండి: "ఏం కనిపిస్తే నేను మళ్ళీ రావాలి?" ఆ జవాబు రాసుకోండి. ఇకనుంచి మీ అలర్ట్ లిమిట్ అదే. మీ మనసు పెట్టే లిమిట్ కాదు.

రెండు. చెకింగ్ తగ్గించండి, ఒక్కసారిగా కాదు. పల్స్ చూసుకోవాలనిపిస్తే పది నిమిషాలు వాయిదా వేయండి. తర్వాత 20. వాచ్‌ని రాత్రిపూట తీసి వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి. రాత్రి పూట లక్షణాలు గూగుల్ చేయొద్దు, ఏఐ చాట్‌బాట్‌ని కూడా అడగొద్దు. మొదటి వారం కష్టంగా ఉంటుంది, భయం పెరుగుతుంది. కానీ చూసుకోకపోయినా భయం దానంతట అదే దిగుతుందని మీ మెదడు నేర్చుకోవాలంటే ఇదే దారి.

మూడు. దడ వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకండి. "ఇది అడ్రినలిన్, వచ్చింది, పోతుంది" అనుకోండి. ఊపిరి తీసుకున్న దానికంటే వదలడం నెమ్మదిగా చేయండి. గుండెని ఆపడానికి కాదు, గబగబా ఊపిరి తీసుకోవడం ఆగడానికి. చేస్తున్న పని మళ్ళీ అందుకోండి.

నాలుగు. డాక్టర్ ఓకే అంటే మెట్లు ఎక్కండి, నడవండి, మళ్ళీ బ్యాట్ పట్టండి. గుండె స్పీడ్ అవ్వడం, మళ్ళీ దానంతట అది తగ్గడం మీ కళ్ళతో మీరు చూడాలి. వంద రిపోర్టులు చెప్పలేనిది అది చెప్తుంది.

ఐదు. ఫ్రెండ్ వాడుతున్నాడని దడ తగ్గే మాత్రలు మింగొద్దు. ప్రొప్రనాలాల్ లాంటివి ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం.

ఆరు. వారాల తరబడి ఇదే నడుస్తుంటే సైకాలజిస్ట్‌నో, సైకియాట్రిస్ట్‌నో కలవండి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, సీబీటీ అంటారు, దీనికి బాగా పనిచేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్ళకి, రూమ్మేట్స్‌కి కూడా ఒక మాట. "నీకేం లేదురా, డ్రామా ఆపు" అనొద్దు. అలాగని ప్రతిసారీ మణికట్టు పట్టుకుని చూసి "బాగానే ఉంది" అని సర్టిఫికెట్ ఇవ్వొద్దు. రెండూ పనిచేయవు. "భయంగా ఉందని తెలుసు. డాక్టర్ చెప్పిన లక్షణాలు ఉన్నాయా? లేవు కదా. పద, అలా నడిచొద్దాం" అనండి. పక్కన నడవండి. అది చాలు.

ఈ వీడియో అయ్యేలోపు మీలో కొందరు ఒకసారైనా పల్స్ చూసుకుని ఉంటారు, నాకు తెలుసు. పర్లేదు. ఇంకోసారి చూసుకోవాలనిపించినప్పుడు ఆ పది నిమిషాల వాయిదా ట్రై చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో నిద్ర గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా టేక్ కేర్, బై.